ప్రశ్నకూ పనికీ మధ్య గోడ

(కొమర్రాజు లక్ష్మణరావు స్మారకోపన్యాసం)



కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరుమీద జరిగే సభలో మాట్లాడమని పిలిచి, ఏం మాట్లాడాలన్నది నాకే వదిలిపెట్టారు. నేను సాఫ్ట్‌వేర్ సముదాయాల సంగతి ఎంచుకున్నాను. 1923లో కన్నుమూసిన చరిత్రకారుడి స్మృతిలో సాఫ్ట్‌వేర్ సంగతి ఎందుకని ముందు వరసలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. కొంచెం ఓపిక పట్టండి. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టిన లక్ష్మణరావు గారు 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం లాంటి విషయాలమీద మామూలు చదువరికి అర్థమయ్యే పుస్తకాలు తెలుగులో తెచ్చారు. ఇంగ్లీషు రానివాడికి సైన్సు ఎందుకని అడిగేవాళ్లున్న కాలం అది. అదే మనిషి ఇంకోవైపు పండితులు కూడా దగ్గర పెట్టుకోవలసిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వచ్చాయి. అక్షరమాల తొలి అక్షరాలైనా దాటకముందే ఆ మూడూ నిండిపోయాయంటే ఆయన ఎంత లోతుకు తవ్వారో ఊహించుకోవచ్చు. అక్షరం ముక్క కొత్తగా పట్టుకున్నవాడికి ఒక పుస్తకం, ఆరితేరినవాడికి ఒక గ్రంథం. రెండు పనులూ ఒకే బల్లమీద సాగాయి. మామూలు చదువరి ఎక్కడ తడబడతాడో తెలిసినవాడే విజ్ఞాన సర్వస్వంలో ఏ మాటను విడమరచి చెప్పాలో తేల్చుకోగలడు. నా వాదం కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే దాన్ని ఈ కాలపు సమస్యమీద పెట్టి నిలబెట్టాలి.

1

ఏదైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చుట్టూ రెండు రకాల మనుషులు చేరతారు. ఇన్‌స్టాల్ ఎందుకు కావడం లేదు, తెరమీద ఈ ఎర్రక్షరాలేమిటి అని అడిగేవాళ్లు ఒక రకం. లోపల కోడ్ రాసేవాళ్లు, రేపటి రూపం ఎలా ఉండాలో తేల్చేవాళ్లు రెండో రకం. జనం పలుచగా ఉన్నన్నాళ్లూ అందరూ ఒకచోటే మాట్లాడుకుంటారు. పెరిగాక గొడవ మొదలవుతుంది. కొత్తవాళ్ల ప్రశ్నల కింద మా పని మునిగిపోతోంది, వాళ్లకు వేరే చోటు చూపించండి అని డెవలపర్లు అంటారు. ఇది కొత్తగా పుట్టిన గొడవ కాదు. గణాంకాల పనికి వాడే ఆర్ భాష సముదాయం 1997లోనే తన ఒక్క చర్చావేదికను మూడు చేసుకుంది: ప్రకటనలకు ఒకటి, సహాయానికి ఒకటి, అభివృద్ధికి ఒకటి. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు వాడేవాళ్ల చోటు వేరు, తయారుచేసేవాళ్ల చోటు వేరు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేర్చుకునేవాళ్ల కోసం ట్యూటర్ అని ఒక వేదిక ఉంది, భాష నిర్మాణం గురించి మాట్లాడుకునేది ఇంకోచోట. అది కూడా చాలక, ఇంకా పచ్చిగా ఉన్న ఆలోచనలు పెట్టడానికి 2006లో మరో వేదిక తెరిచారు. పైథాన్ వాళ్ల ఈ చివరి విభజనను కాస్త గుర్తుపెట్టుకోండి. అది కొత్తవాళ్లను బయటికి పంపడానికి చేసింది కాదు. ఆరితేరిన డెవలపర్లే తమ మాటల్ని రెండు రకాలుగా విడదీసుకున్నారు, పండిన ప్రతిపాదన ఒకవైపు, పచ్చి ఊహ ఒకవైపు. విడగొట్టడం అనే ఒక్క మాట కింద రెండు వేరువేరు పనులు దాక్కుని ఉంటాయి. మనుషుల్ని విడగొట్టడం ఒకటి, మాటల్ని విడగొట్టడం ఒకటి. ఈ తేడా తెలియకపోతే మన చర్చ అంతా గాలిలో కత్తి తిప్పినట్టే అవుతుంది.

2

వేరు చేయాలన్నవాళ్ల పక్షాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. వాళ్ల దగ్గర గట్టి సాక్ష్యాలే ఉన్నాయి. ఇంటర్నెట్ తొలిరోజుల్లో యూజ్‌నెట్ అనే చర్చావ్యవస్థకు ఏటా సెప్టెంబరులో తాకిడి ఉండేది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలకు అప్పుడే అకౌంట్లు దొరికేవి. వాళ్లకు అక్కడి మర్యాదలు తెలియవు, ఎప్పుడో జవాబిచ్చిన ప్రశ్నే మళ్లీ వేస్తారు. రెండు నెలలు గడిచేసరికి పాతవాళ్లను చూసి దారిలో పడేవాళ్లు. 1993 తర్వాత వాణిజ్య సంస్థలు లక్షలాది చందాదారులకు ఆ తలుపు తెరిచాయి. 1993 సెప్టెంబరు ఇక ముగియలేదని పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇందులో పాతవాళ్ల గర్వం కొంత ఉన్న మాట నిజమే, లెక్క కూడా ఉంది. పదిమంది పాతవాళ్లు ఇద్దరు కొత్తవాళ్లకు పద్ధతి నేర్పగలరు. ఇద్దరు పాతవాళ్లు పదిమందికి నేర్పబోతే పద్ధతే మారిపోతుంది.

రెండో సాక్ష్యం ఇంకా బలమైనది, కొత్తవాళ్ల వైపు నుంచి వచ్చేది. ఇంగ్లీషు వికీపీడియాలో 2007 దాకా పెరుగుతూ వచ్చిన రచయితల సంఖ్య ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. చెత్తరాతల్ని అడ్డుకోవడానికి తెచ్చిన యంత్రాలు, గట్టిపడిన నియమాలు కలిసి, మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్ల మార్పుల్ని కూడా తిప్పికొట్టాయనీ, అలా దెబ్బతిన్నవాళ్లు మళ్లీ రాలేదనీ 2013లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. ఈలోగా, 2012లో, టీహౌస్ అని కొత్తవాళ్లకే ఒక చోటు తెరిచారు. ప్రశ్న ఎంత చిన్నదైనా విసుక్కోకుండా, నియమాల సంకేతాక్షరాలు మొహాన కొట్టకుండా జవాబు చెప్పాలన్నది అక్కడి పద్ధతి. అక్కడికి ఆహ్వానం అందుకున్న కొత్తవాళ్లు అందుకోనివాళ్లకంటే ఎక్కువకాలం నిలిచారని తర్వాత కొలిచి చూసినప్పుడు తేలింది. అంటే వేరే గది పనిచేసింది. ఇంకోవైపు, ప్రోగ్రామర్లందరికీ ఒకే చోటుగా 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో, తమ చోటు కొత్తవాళ్లకు అంత ఆదరంగా లేదని 2018లో తానే ఒప్పుకుంది. కొత్త ప్రశ్నల్ని అందరి ముందుకూ తెచ్చేలోపు సరిదిద్దే ముందుగది లాంటి ఏర్పాటును 2024లో పెట్టింది. అందరూ ఒకే హాల్లో కూర్చుంటే సమానత్వం దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఈ ఉదాహరణ దగ్గర ఆగాలి. సభలో మైకు అందరికీ తెరిచే ఉంటుంది. లేచి మాట్లాడేది మాత్రం రోజూ మాట్లాడేవాళ్లే.

3

సాక్ష్యం ఇంత ఉన్నా, గోడ కట్టమని నేను అనలేకపోతున్నాను. కారణం సానుభూతి కాదు. జవాబు చెప్పేవాళ్లు అసలు ఎందుకు చెబుతారన్నది చూస్తే లెక్క తిరగబడుతుంది. అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు వాడకందార్లే ఒకరికొకరు ఉచితంగా సహాయం చేసుకునే తీరును లఖానీ, వాన్ హిప్పెల్ అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2003లో ప్రచురించారు. జీతం లేదు, బిరుదు లేదు, మరి ముక్కూమొహం తెలియనివాడి సర్వర్ బాగుచేయడానికి ఎందుకింత శ్రమ? వాళ్లకు తేలింది ఇది. సహాయకులు వెచ్చించే సమయంలో నూటికి 98 వంతులు ఇతరుల ప్రశ్నలూ జవాబులూ చదవడానికే పోతోంది. ఆ చదవడం వాళ్ల సొంత లాభానికే, ఎక్కడ ఏం చెడుతోందో తెలుసుకోవడానికే. చదువుతూ ఉండగా తమకు ముందే తెలిసిన సమస్య ఎదురైతే రెండు నిమిషాల్లో జవాబు రాసి పోతారు. అందుకని జవాబు ఖర్చు చాలా తక్కువ. ఇప్పుడు ఈ ఏర్పాటుకు గోడ కట్టండి. అవతలి గదిలో అన్నీ కొత్తవాళ్ల ప్రశ్నలే అనుకున్నప్పుడు అనుభవజ్ఞుడికి అక్కడ చదవడానికేమీ ఉండదు. చదవడానికి వెళ్లనివాడు జవాబు ఇవ్వడానికీ వెళ్లడు. రెండు నిమిషాల ఉచిత జవాబు మాయమై, దాని స్థానంలో సేవగా, త్యాగంగా చేయవలసిన పని ఒకటి వచ్చి కూర్చుంటుంది. త్యాగంమీద నడిచే సహాయకేంద్రం ఎన్నాళ్లుంటుందో మన ఊళ్లలో గ్రంథాలయాలు నడిపినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో నష్టం ఉంది. దాన్ని కొలవలేం, ఒక ఉదాహరణతో చూపించగలం. 1991 జూలైలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడకందార్లు మాట్లాడుకునే చోట, పోజిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రమాణం పత్రాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. చూడ్డానికి పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగే మామూలు విద్యార్థి ప్రశ్నే. ఆ ప్రశ్న అరి లెమ్కే అనే వ్యవస్థ నిర్వాహకుడి కంటబడింది. తర్వాత ఆ విద్యార్థి రాసిన ప్రోగ్రాం పెట్టుకోవడానికి సర్వర్‌లో చోటిచ్చింది ఆయనే, ఆ చోటికి లినక్స్ అని పేరు పెట్టిందీ ఆయనే. ఆగస్టు 25న అదే విద్యార్థి, లీనస్ టోర్వాల్డ్స్, తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని అదే మినిక్స్ చర్చావేదికలో ప్రకటించాడు. మరుసటి ఏడు జనవరిలో మినిక్స్ కర్త ఆండ్రూ టానెన్‌బామ్ లినక్స్ పాతబడిన పద్ధతిలో కట్టిందని విమర్శిస్తే వాదోపవాదాలు కూడా అక్కడే జరిగాయి. విద్యార్థి, ఆచార్యుడు, వాడకందారు, నిర్మాత, అందరూ ఒక్క చోట. జూలైలో వచ్చిన ఆ ప్రశ్నను చూసి, ఇతను కొత్తవాడు, పక్కగదికి పంపండి అని ఎవరైనా అని ఉంటే లినక్స్ పుట్టేది కాదని నేననను, చరిత్రతో అలా పందెం కాయకూడదు. అయితే ఒకటి చెప్పగలను. కొత్తవాడెవరో నిర్మాత ఎవరో ప్రశ్న అడిగిన రోజున ఎవరికీ తెలియదు. రెండు నెలలు కూడా తిరగకముందే ఒకే మనిషి ఇవతలి నుంచి అవతలికి వచ్చేశాడు. మనుషుల్ని బట్టి గదులు పంచితే ఇలా దాటడానికి తోవ ఉండదు.

4

ఇప్పటిదాకా దూరదేశాల సంగతులు చెప్పాను. ఈ సమస్యమీద నాకు తెలిసినంతలో అన్నిటికంటే బాగా ఆలోచించిన పని మన మదనపల్లెకు దగ్గర్లోనే జరిగింది. అది సాఫ్ట్‌వేర్ కాదు, పల్లెబడి. రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో 1980ల చివరినుంచి ఏకోపాధ్యాయ పాఠశాలలకోసం పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతిని తయారుచేశారు. చిక్కు మన చిక్కులాంటిదే. గది ఒకటి, పంతులు ఒకరు. ఒకటో తరగతిలో నిన్న చేరిన పిల్లా, గుణింతం దాటి కథలు చదివే పిల్లా అదే చాపమీద. గదులుగా విడగొట్టడానికి పంతుళ్లు లేరు. అందరికీ కలిపి ఒకే పాఠం చెబితే సగంమందికి ఎక్కదు, సగంమందికి విసుగు. వాళ్లు చేసిందేమిటంటే, పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా కోశారు. కార్డుల్ని మెట్లుగా పేర్చి ఒక నిచ్చెన చేశారు. ఆ నిచ్చెన గోడమీద అందరికీ కనబడేలా ఉంటుంది. తాను ఏ మెట్టుమీద ఉందో పిల్ల తానే చూసుకుంటుంది, తర్వాతి కార్డు తానే తీసుకుంటుంది. ఆ కార్డును బట్టి ఎక్కడ కూర్చోవాలో తేలుతుంది. కొన్ని పనులు పంతులు పక్కన కూర్చుని చేయవలసినవి, కొన్ని తోటిపిల్లలతో చేసేవి, కొన్ని ఒంటరిగా. ఈ పద్ధతే తర్వాత కర్ణాటకకు నలికలి పేరుతోనూ, తమిళనాడుకు కృత్యాధార బోధనగానూ వెళ్లి వేలాది ప్రభుత్వ పాఠశాలలకు పాకింది.

అధ్యాపకులు ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆ గదిలో విభజన ఉంది, గట్టి విభజనే ఉంది. అయితే అది పిల్లల మధ్య గీసింది కాదు, పనుల మధ్య గీసింది. పంతులు దగ్గర కూర్చునే గుంపులో నిన్నటి పిల్లా ఉండవచ్చు, కొత్త పాఠం మొదలుపెట్టిన పెద్దపిల్లా ఉండవచ్చు. కార్డు మారితే చోటు మారుతుంది. చిన్నపిల్ల తన కార్డు చేసుకుంటూనే పక్క గుంపులో పెద్దపిల్లలు చదివే కథ వింటూ ఉంటుంది. ఇప్పుడు అర్థం కాకపోవచ్చు, ముందు ఏమున్నదో మాత్రం తెలుస్తూనే ఉంటుంది. ఈ పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువ శ్రమ పట్టింది కార్డుల తయారీకి. సాఫ్ట్‌వేర్ సముదాయాలు ఎక్కువగా తప్పించుకునేదీ ఆ శ్రమనే. నిచ్చెన కట్టే ఓపిక లేక గోడ కడతారు. గోడ కట్టడం ఒక సాయంత్రం పని.

5

ఇక మన తెలుగు సంగతి. ఇక్కడ కాసేపు నిలబడక తప్పదు. కొత్తవాళ్లనూ డెవలపర్లనూ వేరు చేయాలా వద్దా అని తెలుగువాళ్లం కూర్చుని ఎన్నడూ తీర్మానించుకోలేదు. తీర్మానం లేకుండానే వేరు పడిపోయాం. ఆ గోడ భాషది. వాడేవాడి గది తెలుగులో ఉంది, తయారుచేసేవాడి గది ఇంగ్లీషులో ఉంది. ఈ సభలో ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది ఇళ్లలో అమ్మానాన్నలు ఫోనులో తెలుగు టైపు చేస్తారు, తెలుగు వార్తలు చదువుతారు. ఒత్తు తప్పు చోట పడితే, పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన తెలుగు ముక్కలైపోతే, వెతికితే కళ్లముందున్న మాటే దొరక్కపోతే, వాళ్లు ఎవరికి చెబుతారు? మీకు చెబుతారు. మీరు, అది అంతేనమ్మా, తెలుగు సరిగా రాదు, అని ఊరుకుంటారు. ఆ మాటతో ఒక లోపం నమోదు కాకుండా చచ్చిపోయింది. (ఈ ఉపన్యాసాన్ని పుస్తకం వేసేటప్పుడు డీటీపీ చేసే తమ్ముడు దీన్ని యూనికోడ్ నుంచి అచ్చుపనికి వాడే ‘అను’ ఫాంటులోకి మార్చుతూ ఎన్ని ఒత్తులు మళ్లీ పెట్టుకోవాలో, ఆ కష్టం కూడా ఎక్కడా నమోదు కాదు.)

నమోదయితే ఎలా ఉంటుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, దీర్ఘం, ఈ అయిదూ వరసగా వస్తే ఐఫోను తట్టుకోలేకపోయింది. ఒక్క తెలుగు అక్షరమున్న సందేశం తెరిస్తే యాప్ కూలిపోయేది. ప్రపంచమంతా గగ్గోలెత్తింది. ఫిబ్రవరి 19న ఆపిల్ దిద్దుబాటు విడుదల చేసింది. ఆ లోపం తెలుగుది మాత్రమే కాదనీ, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని అక్షరాలతోనూ ఇదే జరుగుతుందనీ ప్రోగ్రామర్లు విప్పి చూపారు. కొన్ని రోజుల్లో ఎందుకు బాగైంది? తెలుగు రానివాళ్ల ఫోన్లు కూడా కూలాయి గనుక. కూలకుండా, అక్షరం వికారంగా మాత్రమే కనబడే లోపాలు ఇంకా ఉన్నాయి. వాటిని చూడగల కళ్లు తెలుగు గదిలో ఉన్నాయి, బాగుచేయగల చేతులు ఇంగ్లీషు గదిలో ఉన్నాయి. అక్షరం సరిగా కూర్చుందా లేదా అన్న విషయంలో అక్షరాభ్యాసమైన ప్రతి తెలుగువాడూ నిపుణుడే, ఆ కోడ్ రాసినవాడే కొత్తవాడు. ఎవరు కొత్తవాడో ఎవరు నిపుణుడో సమస్యను బట్టి మారుతుంది. మనిషి నుదుట రాసిపెట్టి ఉండేది కాదది.

తెలుగువాళ్లం ఈ గోడను దాటిన సందర్భాలు లేకపోలేదు. ఇంటర్నెట్‌లో తెలుగు లిపి కనబడని రోజుల్లో రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణను తయారుచేసినవాళ్లు కవిత్వం, సినిమా, రాజకీయం మాట్లాడుకునే తెలుగువాళ్లే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే పద్మ అనే లిపిమార్పిడి సాఫ్ట్‌వేర్‌నూ రాశారు. తెలుగు వికీపీడియాలో రచ్చబండ అనే చర్చావేదికా ఉంది, సహాయ కేంద్రమూ ఉంది, అయినా రెండుచోట్లా ఎదురయ్యేది చాలావరకు అదే మనుషులు. మన కుప్పంలోనే 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మూడేళ్ల ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టాయి. స్వయంసహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, వెంట మోసుకుపోగల ప్రింటర్లు ఇచ్చి ఫొటోగ్రాఫర్లను చేశారు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఊళ్లో ప్రింటరు ఎలా ఆడాలి? వాడేవాళ్లకు శిక్షణ ఇస్తే తీరే ప్రశ్న కాదు ఇది. సౌరశక్తితో నడిచే ఏర్పాటు చేసినప్పుడే తీరింది. కెమెరా మొదటిసారి పట్టుకున్న మహిళ ఇబ్బంది ఇంజనీరుకు నమూనా అయింది. ఆమెను శిక్షణ తరగతిలో కూర్చోబెట్టి, ఇంజనీరును బెంగుళూరులో కూర్చోబెట్టి ఉంటే ఆ ఇబ్బంది ఆమె తెలివితక్కువతనంగానే మిగిలేది.

6

అభ్యంతరాలకు వస్తాను. డెవలపర్ సమయం మాటేమిటి, ఒకే ప్రశ్నకు వందసార్లు జవాబు చెప్పాలా అన్నది మొదటిది. చెప్పకూడదు. అయితే ఒకే ప్రశ్న మూడుసార్లు వచ్చిందంటే తప్పు అడిగినవాళ్ల దగ్గర లేదు, సహాయపత్రంలోనో తెరమీది మాటల్లోనో ఉంది. ఆ ప్రశ్నను పక్కగదికి పంపిస్తే ఆ లోపం డెవలపర్ కంటికి ఎప్పటికీ కనబడదు. జవాబు దొరికిన కొత్తవాడి చేతే ఆ జవాబును సహాయపత్రంలో రాయించాలి. తనకు నిన్న ఏం తెలియలేదో అతనికి ఇంకా గుర్తుంటుంది. పదేళ్లనాటి డెవలపర్‌కు గుర్తుండదు, గుర్తుందని అనుకుంటాడు, అది మరీ ప్రమాదం. అతని మొదటి నిర్మాణం కూడా అదే అవుతుంది, నిచ్చెనలో మొదటి మెట్టు.

రెండో అభ్యంతరం భయం. అందరిముందూ అడగడానికి జంకేవాళ్లు, ముఖ్యంగా పల్లెనుంచి వచ్చిన ఆడపిల్లలు, మౌనంగా వెళ్లిపోతారు. నిజం. టీహౌస్ సాక్ష్యం ఇక్కడే బలంగా నిలుస్తుంది, దాన్ని నేను వదులుకోను. మెల్లగా అడగడానికి ఒక చోటు ఉండాలి. కానీ టీహౌస్ నడిచింది వేరే గది కావడం వల్ల కాదని నా అభిప్రాయం. అక్కడ కూర్చుని జవాబు చెప్పింది అనుభవమున్న వికీపీడియన్లే. తెలిసినవాళ్లు వచ్చి కూర్చోని గది సహాయకేంద్రం కాదు, వేచి ఉండే గది.

మూడోది సంఖ్య. తెలుగు ప్రాజెక్టులకు సంబంధించి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎవరూ మాట్లాడనిదీ ఇదే. ఇంగ్లీషు వికీపీడియాకు రెండు గదుల్నీ నింపేంత జనం ఉన్నారు. ఏ తెలుగు సాఫ్ట్‌వేర్ పనిలోనైనా నికరంగా జవాబు చెప్పగలవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాళ్లను రెండు చోట్లకు పంచితే రెండూ ఖాళీగా కనబడతాయి. ఖాళీ గదిలో ప్రశ్న అడిగి వారం ఎదురుచూసినవాడు మళ్లీ రాడు. వాట్సాప్ గుంపులు విడిపోయి, విడిపోయినవాటిలోంచి మళ్లీ విడిపోయి, చివరికి ప్రతిదాంట్లో శుభోదయం సందేశాలు తప్ప ఏమీ మిగలకపోవడం మనందరం చూస్తున్నదే. పెద్ద సముదాయానికి విభజన ఒక సౌకర్యం. చిన్నదానికి అది ఆత్మహత్య.

నాలుగో అభ్యంతరాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. భద్రతకు సంబంధించిన లోపాల్ని దిద్దేదాకా బహిరంగంగా చర్చించకూడదు. అలాగే విడుదల ఎప్పుడు, ఏ మార్పు ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయాలకు ఒక నిలకడైన చోటు కావాలి, అక్కడ ఇన్‌స్టాల్ ప్రశ్నలు కలవకూడదు. ఇది మాటల విభజన, పైథాన్ వాళ్లు చేసింది ఇదే. ఆ నిర్ణయాల చోట ఎవరైనా కూర్చుని వినవచ్చు, విషయమున్న ఎవరైనా మాట్లాడవచ్చు, చేరి ఎన్నేళ్లైందని అడగరు అన్న షరతు ఉన్నంతకాలం నాకు అభ్యంతరం లేదు.

ఇక మన భాష గోడకు తలుపు పెట్టే పని. దీనికి కావలసింది కోడ్ కాదు, మోసుకుపోయేవాళ్లు. అమ్మ చెప్పిన లోపాన్ని తెలుగులో రాసుకుని, ఏ ఫోను, ఏ యాప్, ఏ అక్షరం, ఏం రావలసిన చోట ఏం వచ్చింది అని వరసగా పెట్టి, తెరబొమ్మ జతచేసి, ఇంగ్లీషులో ఆ సాఫ్ట్‌వేర్ లోపాల పట్టికలోకి ఎక్కించాలి. ఏం జవాబొచ్చిందో తిరిగి వచ్చి ఆమెకు తెలుగులో చెప్పాలి. ఈ రెండోది అందరూ మరిచిపోతారు, మరిచిపోతే ఆమె రెండోసారి చెప్పదు. ఇది ఒకరి వల్ల అయ్యేది కాదు. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివేవాళ్లకు అక్షరం ఎందుకు విరిగిందో తెలుసు. మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివేవాళ్లకు అది ఏ పొరలో విరిగిందో వెతకడం తెలుసు. ఇద్దరిలో ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతుంది, అందుకే ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మొదటి పట్టికకు ఈ సభ జరుగుతున్న పెద్దమండ్యం చాలు. ఈ మండలంలో తెలుగులో ఫోను వాడేవాళ్లను అడిగి, ఒత్తులు, పొల్లులు, కాపీ, వెతుకులాట, మాటతో టైపు చేయడం, ఈ అయిదింటిలో ఎక్కడెక్కడ ఏం చెడుతోందో రాసుకోండి. మాటతో టైపు చేయడం దగ్గర మన సీమ యాసను ఫోను ఏం చేస్తోందో ప్రత్యేకంగా గుర్తించండి, ఆ సంగతి ఇంజనీర్లకు చెప్పగలిగినవాళ్లు మనమే.